శ్రావణంలో పనస పొట్టు

మా మేనకోడలి పెళ్ళి కుదరడానికి జాతకాలు, ఉద్యోగాలు, అబ్బాయి ఎత్తు వగైరా కారణాలు చాలా చెబుతారు. నన్నడిగితే ఆ సంబంధం ఖాయమైంది పనస పొట్టు కూర దగ్గర. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. కూర మూడుసార్లు వడ్డించుకున్నాను కాబట్టి నా సాక్ష్యాన్ని పూర్తిగా నమ్మొద్దు.

రాయగడలో మా అక్కావాళ్ళిల్లు. చైత్రమాసం. పెళ్ళివారు పార్వతీపురం వైపు నుంచి పొద్దున బండికి దిగారు. వాళ్ళలో అబ్బాయి నాయనమ్మ ఒకావిడ ఉంది. ఎనభై దాటిన మనిషి, పళ్ళు మాత్రం అన్నీ ఉన్నాయి. అమ్మాయిని ఒకసారి చూసి తలూపింది. విస్తరిని చాలాసేపు చూసింది. ఆవ పెట్టిన పనస పొట్టు కూరతో అన్నం మొత్తం తినేసి మా అక్కను దగ్గరికి పిలిచింది.

"అమ్మి, ఈ కూర ఎవులు సేసేరు?"

"నేనేనండి."

"పెళ్ళిలో కూడా ఇదే ఉండాల. ఉంటాదా?"

"ఎందుకుండదండీ. తప్పకుండా ఉంటాది" అంది మా అక్క.

అందరూ నవ్వారు. తాంబూలాలు పుచ్చుకున్నారు. వారం తిరక్కుండా పంతులుగారు ముహూర్తం పెట్టారు. శ్రావణంలో.

పనసకాయ పొట్టు కొట్టుకోవడానికి చైత్ర, వైశాఖాలే. జ్యేష్ఠం వచ్చేసరికి లోపల గింజ గట్టిపడుతుంది. ఆషాఢంలో పండు. శ్రావణానికి చెట్టు మీద ఆకులే ఉంటాయి. ఈ సంగతి కొండల్లో పుట్టి పెరిగిన మా అక్కకి తెలియక కాదు, ఆ క్షణాన గుర్తు రాలేదు. గుర్తొచ్చిన రోజు నాకు ఫోన్ చేసింది.

"ఒరే, శ్రావణంలో పనసకాయ దొరుకుతాదేటి?"

"దొరక్కేం. పండు అయితే ఏ ఆలస్యంగా కాసిన చెట్టుకో ఒకటుండొచ్చు."



"నాను మాటిచ్చీసేను రా."

"బావ ఏమంటున్నాడు?"

"కేబేజీ సన్నగా తరిగీసి పెట్టీమంటన్నారు."

ఆ పూట వాళ్ళింట్లో మాటల్లేవని తర్వాత తెలిసింది.

నేను కూడా మొదట తేలిగ్గానే తీసుకున్నాను. ముసలావిడ ఏదో సరదాకి అనుంటుంది, ఈపాటికి మర్చిపోయి ఉంటుంది అన్నాను. మా అక్క ఒప్పుకోలేదు. "ఆవిడ మర్సిపోతే మర్సిపోనీ. నాకు గుర్తుందా నేదా? ఆళ్ళింటికి నాను పలికిన మొదటి మాట ఇది. ఇదే తప్పితే రేపు నా కూతురు ఆ ఇంట్లో ఏటి సెప్పినా, మీ అమ్మ సెప్పినట్టేనా అనరేటి?" అంది. ఉన్నది ఒక్కతే కూతురు. దానికి నా దగ్గర జవాబు లేదు. డీప్ ఫ్రీజర్ ఉంది.

మేముండేది దామంజోడిలో, ఫ్యాక్టరీ క్వార్టర్సులో. టౌన్‌షిప్పులో ఐస్‌క్రీం దుకాణం పెట్టుకున్నాయన అది ఎత్తేసి వెళ్ళిపోతూ ఈ ఫ్రీజర్ని మాకు అంటగట్టాడు. మూత మీద ఎర్రటి కోన్ బొమ్మ ఇప్పటికీ ఉంది. కొత్తగా మా ఇంటికొచ్చినవాళ్ళు ఆ బొమ్మ చూసి కాస్త ఆశపడతారు. వాళ్ళకి బఠాణీలు చూపిస్తాం. ఏ ఋతువునీ దాని మానాన దాన్ని పోనివ్వడం మా ఆవిడకి ఇష్టముండదు. చలికాలం బఠాణీలు, ఎండలు మొదలవగానే మామిడి కోరు, ఉసిరి, చింత చిగురు, అన్నీ పొట్లాలు కట్టి అందులో పడుకోబెడుతుంది. అయితే పనస పొట్టు జోలికి ఆవిడ కూడా ఎప్పుడూ పోలేదు.

ఆదివారం సంతకి వెళ్ళాను. కొండ మీద పల్లెల నుంచి దిగిన ఆడవాళ్ళు లేత పనసకాయల్ని వరసగా పేర్చుకుని కూర్చున్నారు. పదిహేను కాయలు కావాలన్నాను. అమ్మే పెద్దావిడ దేశియాలో, అంటే ఈ కొండల ఒడియాలో, అడిగింది, ఇంట్లో పెళ్ళా అని. అవును, వానల్లో అన్నాను. ఆవిడ కాయల వంక చూసింది, నా వంక చూసింది. అప్పటిదాకా ఇవి ఉండవు బాబూ, కుళ్ళిపోతాయి అంది, చాలా నెమ్మదిగా, నాకర్థమయ్యేలా. ఐసులో పెడతామని చెప్పాను. ఆ మాట ఆవిడ పక్కావిడకి చెప్పింది. పక్కావిడ తన పక్కావిడకి చెప్పింది. నవ్వు వరస చివరిదాకా వెళ్ళి మళ్ళీ మా దగ్గరికి తిరిగొచ్చింది. నా పరిస్థితి చూసి ఇంకో చిన్న కాయ ఊరికే సంచిలో వేసింది.

పొట్టు కొట్టడానికి మా అక్క రాయగడ నుంచి బండెక్కి వచ్చింది, సొంత కత్తి న్యూస్‌పేపర్లో చుట్టుకుని. పక్క క్వార్టర్ ఒడియా ఆవిడ కూడా చేరింది. ఆవిణ్ణి మేం భాబీ అంటాం. మా ఆవిడతో పదేళ్ళ స్నేహం కాబట్టి తెలుగు ధారాళంగా మాట్లాడుతుంది, అదీ మా ఆవిడ యాసలోనే. వెనక వరండాలో పేపర్లు పరిచి ముగ్గురూ చేతులకి నూనె రాసుకుని కూర్చున్నారు.

పనసకాయ జిగురు గురించి తెలియనివాళ్ళకి చెప్పడం కష్టం, తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. గంటలో కత్తులు చేతులకి, చేతులు పేపర్లకి, పేపర్లు చీరలకి అంటుకున్నాయి. మా అక్క ఫోన్ మోగింది. ముగ్గురూ దాని వంక చూశారు గాని ఎవరూ కదల్లేదు. నేను తీసి మా అక్క చెవి దగ్గర పెట్టాను. బావ. కేబేజీ సంగతి ఇంకోసారి ఆలోచించావా అని అడిగాడు. మా అక్క కత్తి రెండుసార్లు గట్టిగా కొట్టింది. అవతల ఆయనకి వినపడినట్టుంది, పెట్టేశాడు. ఇక భాబీ నవ్వడం మొదలెట్టింది. నవ్వాపుకోవడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి తీయడానికి మళ్ళీ నూనె కావలసి వచ్చింది. ఆ తర్వాత పొట్టు ఎంత నలిగిందో చెప్పలేను గాని, ముగ్గురూ కళ్ళు భుజాలకి తుడుచుకుంటూనే పదహారు కాయలూ పూర్తి చేశారు.

గొడవ ఆ తర్వాత వచ్చింది. ఈ పొట్టుని ఎలా దాచాలి?

పసుపు నీళ్ళలో ఒక్క పొంగు రానిచ్చి, చన్నీళ్ళలో వేసి, గట్టిగా పిండి దాచాలని మా అక్క. కూరగాయకి నీళ్ళు తగిలితేనే చెడిపోతుంది, పచ్చిదే పెట్టాలని మా ఆవిడ. నూనెలో సగం మగ్గించి పెట్టాలని భాబీ. నేనైతే మజ్జిగలో నానబెట్టాలన్నాను. లేత కాయ నల్లబడకుండా పులుపు కాపాడుతుందని నా వాదం. నేను ఫ్యాక్టరీ లేబొరేటరీలో పనిచేస్తాను, కెమిస్ట్రీ చదువుకున్నాను. ఈ రెండు విషయాలూ ఆ మధ్యాహ్నం మూడుసార్లు గుర్తుచేశాను. ఎవరూ లెక్కచేయలేదు.

మా లేబొరేటరీలో ఒక పద్ధతుంది. పరీక్షకొచ్చే నమూనా మీద అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఉండదు, నంబరు మాత్రమే ఉంటుంది. ఎవరిదో తెలిస్తే చెయ్యి అటు మొగ్గుతుంది. ఇది ఫ్యాక్టరీకి చాలా మంచి పద్ధతి. దాన్ని నేను ఇంటికి తెచ్చాను. పొట్టుని నాలుగు వాటాలు చేసి నాలుగు పద్ధతుల్లోనూ దాచుదామన్నాను. సంచుల మీద పద్ధతి పేరు రాయం, నంబర్లే రాస్తాం. నెలా రెణ్ణెల్లయ్యాక వాటాకో సంచి తీసి వండుకుని, ఏది ఎవరిదో తెలియకుండా తిని, నచ్చినదే పెళ్ళికి. మిగతావి మనం తినేద్దాం. అందరికీ నచ్చింది. ఎవరికి వాళ్ళకి తమదే నెగ్గుతుందని నమ్మకం.

వాటాకి పన్నెండు సంచులు వచ్చాయి, నంబర్లు నేనొక్కణ్ణే వేశాను. పసుపుది 527, పచ్చిది 163, నూనెది 840, నా మజ్జిగది 391. ఏ నంబరు ఏదో రాసిన కాగితం నా ఆఫీసు సొరుగులో పెట్టి తాళం వేశాను. తాళం వేస్తూంటే పక్క సీటాయన ఏమిటది అని అడిగాడు. పనస పొట్టు అన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు.

జ్యేష్ఠం చివర్లో పరీక్ష పెట్టాను. నాలుగు గిన్నెలు, నాలుగు నంబర్లు, రంగు పట్టివ్వకుండా అన్నింట్లోనూ పసుపు, చప్పటి పోపు. మా ఆవిడా భాబీ రుచి చూశారు. నేను పక్కన పెన్ను పట్టుకుని ముఖం ఏమీ తెలియనట్టు పెట్టుకుని నిలబడ్డాను.

527 తిని ఇద్దరూ ఒకేసారి తలూపారు. "ఇప్పుడే కొట్టినట్టుంది" అంది మా ఆవిడ.

840 తిని భాబీ ముక్కు కాస్త ముడిచింది. "ఫ్రీజరు వాసన కొడతంది. పరవాలేదు గాని, ఎవులు సేసేరో." చేసింది ఆవిడే.

163 దగ్గర మా ఆవిడ చాలాసేపు నమిలింది. "ఇది కొబ్బరి పీసు. పెళ్ళిలో పెడితే ఆడపిల్ల పుట్టింటికి తిరిగొచ్చీగలదు" అంది. అది ఆవిడదని నాకొక్కడికే తెలుసు. రాసుకున్నాను.

391 నోట్లో పెట్టుకుని ఇద్దరూ ఒకేసారి నీళ్ళ గ్లాసుల వైపు చెయ్యి చాపారు. భాబీ మర్యాదస్తురాలు. "ఇదీ కూరేనా, భాయ్‌సాబ్?" అని మాత్రం అడిగింది. మా ఆవిడ గిన్నె దూరంగా జరిపి, "పాడైపోయింది కాదేటి?" అంది.

అప్పుడు నేనేం చేయాలో పిల్లాడికైనా తెలుసు. 163, 391 సంచులు తీసి బయట పారేయాలి. కాని అలా పారేస్తే అవి ఎవరివో చెప్పాలి. ఒకటి మా ఆవిడది, రెండోది కెమిస్ట్రీ చదువుకున్నవాడిది. ఫలితాలు పూర్తిగా పరిశీలించి తర్వాత ప్రకటిస్తానన్నాను. మా అక్క ఫోన్ చేసి అడిగినప్పుడల్లా "పరిశీలనలో ఉంది" అని చెప్పాను. ఆఫీసుల్లో ఈ మాటకి ఎంతో బలముంటుంది. మా అక్క దగ్గర కూడా రెణ్ణెల్లు పనిచేసింది.

శ్రావణం వచ్చింది. ప్రయాణం రోజు నాకు పొద్దుటి షిఫ్టు. ఇంటికొచ్చేసరికి మా ఆవిడ సామాను సర్దేసి గుమ్మంలో కూర్చుంది. పక్కన రెండు పెద్ద థర్మోకోల్ పెట్టెలు. చేపల దుకాణం నుంచి తెచ్చినవి, కడిగినా తమ చరిత్ర మర్చిపోలేదు.

బండి కదిలాక అడిగాను, సంచులు ఏ నంబరువి పెట్టావని.

"నంబర్లు కదేటండీ. ఏది నెగ్గిందో మీరు సెప్పనేదు, నాకేటి తెలుస్తాది? ఉన్నవన్నీ పెట్టీసేను."

నలభై నాలుగు సంచులు. బయట వాన, దారిలో వరసగా సొరంగాలు. వెలుతురొచ్చినప్పుడల్లా ఎదుటి సీటాయన మా పెట్టెల వంకే చూస్తున్నాడు. లక్ష్మీపురం దాటాక ఉండబట్టలేకపోయాడు.

"సేపలేటండీ?"

"కాదండి. పనస పొట్టు."

"శ్రావణంలోనా?"

"అవునండి. పెళ్ళికి."

ఆయన తన సంచి కొంచెం అవతలికి జరుపుకున్నాడు. కాసేపాగి, పక్కనున్న భార్యతో మెల్లగా, "సేపలని సెప్పడానికి సిగ్గేటో" అన్నాడు.

రాయగడ చేరగానే పెట్టెల్ని కళ్యాణ మండపం వంటశాలలో దింపాం. తెల్లవారి లేచి, ఎవరూ చూడకుండా 527 సంచులు పదకొండూ పక్కకి తీసి వంటాయనకి ఇద్దామని నా పథకం. పెళ్ళివారి మొదటి పంక్తికి అవి సరిపోతాయి. మిగతావి మండపం వెనక్కి. శాస్త్రం గౌరవం, సంసారం రెండూ నిలబడతాయి.

నేను పళ్ళు తోముకుని వెళ్ళేసరికి వంటాయన పొయ్యి ముందు కూర్చుని టీ తాగుతున్నాడు. విజయనగరం మనిషి, తలకి తువ్వాలు. పెట్టెలు రెండూ ఖాళీ. పెద్ద గుండిగలో పొట్టు కొండలా ఉంది, ఒక పక్క పచ్చగా, ఒక పక్క గోధుమరంగులో, మధ్యలో నేను చూడగానే గుర్తుపట్టిన రంగులో.

"అన్నీ విప్పేశారా?" అన్నాను.

"ఇప్పకపోతే ఎలా ఉడుకుతాది బాబూ?"

"నంబర్లు చూడలేదా?"

"నంబర్లు సూసి వొండీ అలవాటు నాకు నేదు."

మా అక్క పట్టుచీరలో, చేతిలో కొబ్బరికాయతో అటే వచ్చింది. ఇంక చెప్పక తప్పలేదు. చెప్పాను. పరీక్ష, మార్కులు, పీచు, పులుపు. ఆవిడ కొబ్బరికాయ పట్టుకుని కదలకుండా విన్నది.

"మజ్జిగది ఎవుడిది?"

"నాది."

"ఆ పీసుది?"

 అప్పుడే గుమ్మంలోకొచ్చిన మా ఆవిడ వైపు చూశాను. అది చాలింది.

"అంటే మీకు జ్యేష్ఠంలోనే తెలుసన్నమాట" అంది మా ఆవిడ.

"పరిశీలనలో..."

"ఇంకా ఉందేటి?"

మా అక్క మా ఇద్దర్నీ పట్టించుకోలేదు. గుండిగలోకి చూస్తోంది.  అవతల సన్నాయి మొదలైంది, పెళ్ళివారు విడిదిలో కాఫీలు తాగుతున్నారు. "నాలుగ్గంటల్లో పంక్తి" అంది, ఎవరితోనో కాదు, గుండిగతో. సరిగ్గా అప్పుడు బావ వచ్చాడు. పరిస్థితి ఒక్క చూపులో గ్రహించి వెళ్ళి, సామాన్ల గది మూల టార్పాలిన్ కిందనుంచి ఒక గోనెబస్తా ఈడ్చుకొచ్చాడు. నిండా కేబేజీలు.

"ఇవి ఎప్పుడు తెచ్చేరు?" అంది మా అక్క.

బావ మండపం అలంకరణ వైపు చూశాడు. "పువ్వులు బాగా కట్టేరు" అన్నాడు.

నిజంగా అది నవ్వే సమయం కాదు, నాకు మాత్రం నవ్వు తన్నుకొస్తోంది. మా ఆవిడది కూడా అదే పరిస్థితి. ఇద్దరం రెండు వేర్వేరు గోడల వైపు తిరిగాం.

"ఆ బస్తా ఇప్పితే నాను పీటల మీద కూకోను" అంది మా అక్క. అని వంటాయన ముందు నేల మీద కూర్చుండిపోయింది, పట్టుచీరతో. "బాబూ, ఈ పొట్టుని ఏటి సేస్తావో సెయ్యి. ఆ ముసలమ్మ విస్తట్లో ఇదే పడాల."

వంటాయన టీ గ్లాసు పక్కన పెట్టాడు. గుండిగలోంచి ఓ గుప్పెడు తీసి పిండాడు, వాసన చూశాడు, నాలిక మీద వేసుకున్నాడు. నా వంక ఒకసారి చూశాడు. ఆ చూపు గురించి ఇక్కడ రాయను.

"పులుపు అదే తెచ్చుకుంది గావాల. సింతపండు సగం సాలు" అన్నాడు. తర్వాత పీచుదంతా వేరే పళ్ళెంలోకి ఏరించి, కత్తిపీట తెప్పించి, మళ్ళీ సన్నగా నరికించాడు. మా ఆవిడ తనంతట తానే వెళ్ళి ఆ పనికి కూర్చుంది. నన్ను మజ్జిగది కడగమన్నారు. మూడు నీళ్ళు పోశాను. నాలుగోది వంటాయన అడక్కుండానే పోశాను. అంతా కలిపి పసుపేసి ఉడికించి, బస్తా గుడ్డలో కట్టి ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టి పిండారు. పోపు పడింది, జీడిపప్పు పడింది, పచ్చిమిరప పడింది. ఆఖరున ఆవ ముద్ద నూనెలో కలిపి పోసి గరిటె తిప్పేసరికి వంటశాలలో ఉన్నవాళ్ళందరికీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా అక్క కళ్ళు కూడా తుడుచుకుంది. ఆవ ఘాటుకే అనుకున్నాం అందరం.

"ఆవ పడ్డాక ఏ పొట్టు ఏ సంచీదో దాని బాబుకి కూడా తెల్దు" అన్నాడు వంటాయన. మజ్జిగది నాదని ఆయనకి అప్పటికే తెలుసు.

మొదటి పంక్తిలో మొదటి విస్తరి నాయనమ్మగారిది. కూర్చోగానే ఆవిడ కళ్ళజోడు సర్దుకుని విస్తరంతా ఓసారి పరికించింది. నేను నీళ్ళ జగ్గు పట్టుకుని ఆ వరసలోనే తిరుగుతున్నాను, ఎవరికీ దాహం లేకపోయినా. మా అక్క, మా ఆవిడ సామాన్ల గది తలుపు చాటున. కూర పడింది. ఆవిడ అన్నంలో కలిపింది. ఒక ముద్ద. నమిలింది. రెండో ముద్ద. నమిలింది. మూడో ముద్ద సగంలో ఆగి ఇటూ అటూ చూసింది.

"ఏదీ, పెళ్ళికూతురి తల్లేదీ?"

మా అక్క తలుపు చాటునుంచి వచ్చి నిలబడింది. అంత నెమ్మదిగా ఆవిడ నడవడం నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మి, ఉప్పు సాల్లేదు."

"ఉప్పాండి?"

"ఉప్పే."

"ఇంకేటైనా తేడాగా..."

"ఇంకేటుంటాది? పొట్టు లేతగా దివ్యంగా ఉంది. ఉప్పట్టుకురా. కూర కూడా ఇంకాస్త అట్టుకురా, ఈ అబ్బాయి నీళ్ళే పోస్తన్నాడు."

మా అక్క "అలాగేనండి" అని గౌరవంగా తలొంచి, వెనక్కి తిరిగి, సామాన్ల గదిలోకి వచ్చి తలుపేసింది. నేను వెనకే వెళ్ళాను. ఉప్పు పేకెట్టు చేతిలో పట్టుకుని కేబేజీ బస్తా మీద కూలబడి ఉంది, చప్పుడు రాకుండా నవ్వుతోంది, భుజాలు ఊగిపోతున్నాయి. పేకెట్టు విప్పబోతే చేతులు రావడం లేదు. మా ఆవిడ విప్పబోయి తనూ అక్కడే కూర్చుండిపోయింది. నలభై నాలుగు సంచులు, నాలుగు పద్ధతులు, సొరుగు తాళం. ఆఖరికి చాలనిది ఉప్పు. అది వంటాయన పని, మాకు సంబంధం లేదు. ఈ మాట పైకి అన్నాను. అనకుండా ఉండాల్సింది, ఇద్దరికీ మళ్ళీ మొదలైంది.

బయట్నుంచి ముసలావిడ గొంతు వినపడింది, "ఉప్పు తయారు సేస్తన్నారేటి?"

మా అక్క లేచి నిలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుంది, బొట్టు సర్దుకుంది, పేకెట్టు పళ్ళతో చింపి చిన్న గిన్నెలో పోసుకుంది. కూర గిన్నె రెండో చేత్తో ఎత్తుకుని, తలుపు కాలితో తోసుకుని, మహా గంభీరంగా పంక్తిలోకి నడిచింది.